పుట్టినరోజు ఒకటి, రిజిస్టరులో తేదీ మరొకటి: సర్వీసు వివాదాల్లో కోర్టులు అసలు దేన్ని చూస్తాయి?

ప్రభుత్వోద్యోగి సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో పేరు, తండ్రి పేరు, స్వగ్రామం, ఎత్తు, పుట్టుమచ్చల వంటి వివరాల మధ్య పుట్టిన తేదీకి ఒక గడి ఉంటుంది. ఆ తేదీని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాస్తారు. కింద ఉద్యోగి సంతకం, వేలిముద్రలు, ఆఫీసు అధిపతి ధ్రువీకరణ ఉంటాయి. ముప్పై ఏళ్లకు పైబడిన ఉద్యోగ జీవితంలో ఆ పేజీని మళ్లీ తెరిచి చూసుకునేవాళ్లు చాలా తక్కువ. పెన్షన్ కాగితాలు సిద్ధం చేసే రోజులు వచ్చాక, ఫలానా నెలాఖరున మీరు పదవీ విరమణ చేయాలంటూ ఆఫీసు నుంచి ఉత్తరం అందాక, "నేను పుట్టింది ఆ రోజున కాదు కదా" అన్న మాట మొదటిసారి పైకి వస్తుంది. చాలా వివాదాలు అక్కడే మొదలవుతాయి. ఉద్యోగి చేతిలో నిజమైన ఆధారం ఉన్నా అప్పటికే కేసు చేజారిపోయి ఉంటుంది. ఎందుకలా జరుగుతుందో అర్థం కావాలంటే ఆ తేదీ రిజిస్టరులోకి ఎలా ఎక్కిందన్న దగ్గర మొదలుపెట్టాలి.

తెలుగు పల్లెల్లో బడిలో చేరిన ఒక తరానికి వయసు పరీక్ష అంటే కుడి చేతిని తలమీదుగా తిప్పి ఎడమ చెవిని అందుకోవడమే. చెయ్యి చెవికి తగిలితే ఐదేళ్లు నిండినట్టు లెక్క. ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. 1982 జూన్‌లో ఒక తండ్రి కొడుకును బడికి తీసుకువచ్చి, "దివిసీమ ఉప్పెన వచ్చిన రెండు నెలలకు పుట్టాడండీ మేష్టారూ" అన్నాడనుకోండి. ఆ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది కాబట్టి పిల్లవాడు 1978 జనవరిలో పుట్టినట్టు. బడి తెరిచే నాటికి అతనికి నాలుగున్నరేళ్లు కూడా నిండలేదు. చెయ్యి మాత్రం చెవికి అందింది. పిల్లవాణ్ని వెనక్కి పంపడం ఇష్టంలేని మేష్టారు అడ్మిషన్ రిజిస్టరులో 1-6-1977 అని రాసుకున్నారు. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. ఆ తేదీయే టీసీలోకి, అక్కడి నుంచి ఎస్సెస్సీ సర్టిఫికెట్‌లోకి, అక్కడి నుంచి సర్వీసు రిజిస్టరు (ఎస్సార్) మొదటి పేజీలోకి చేరింది. మన ఆఫీసుల్లో జూన్ 1, జూలై 1 పుట్టినరోజులు అంత ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

ఈ సర్దుబాటు వల్ల నష్టమెంతో లెక్క కట్టవచ్చు. ఉద్యోగి నిర్ణీత వయసు నిండిన నెల చివరి రోజు మధ్యాహ్నం పదవీ విరమణ చేస్తాడు. నెల మొదటి తేదీన పుట్టినవాడు మాత్రం అంతకు ముందు నెల చివరి రోజే దిగిపోవాలి, ఎందుకంటే చట్టం దృష్టిలో మనిషికి ఒక వయసు నిండేది పుట్టినరోజుకు ముందు రోజుతోనే. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడున్న 62 ఏళ్ల లెక్కన మన ఉదాహరణలోని మనిషి 2039 మే 31న ఇంటికి వెళతాడు. అసలు పుట్టిన తేదీని బట్టి అయితే 2040 జనవరి 31 దాకా ఉండేవాడు. ఆ ఎనిమిది నెలలూ జీతం శిఖరాన ఉండే నెలలు. ఆ లోపు ఒక ఇంక్రిమెంటు పడవచ్చు, ఒక పదోన్నతి రావచ్చు, పెన్షన్ లెక్కకు మూలవేతనం మారవచ్చు. కాబట్టి తేదీ కోసం కోర్టు మెట్లెక్కేవాళ్లను ఆశపోతులని తీసిపారేయడం న్యాయం కాదు.

తెలుగు నేలమీద ఈ విషయం మరింత సున్నితం కావడానికి పదవీ విరమణ వయసు చరిత్ర కూడా కారణం. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం దాన్ని 58 నుంచి 55కు తగ్గించినప్పుడు, ఆ నెలాఖరున ఒకే రోజున వేలమంది ఉద్యోగులు ఇళ్లకు వెళ్లారు. ఆ తగ్గింపు చెల్లుతుందని సుప్రీంకోర్టు 1985 జనవరిలో తీర్పు ఇచ్చింది గానీ, అప్పటికే 1984లో ప్రభుత్వం వయసును తిరిగి 58కి పెంచేసింది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ 2014లో 60కి, 2022 జనవరి 1 నుంచి 62కు పెంచగా, తెలంగాణ 2021లో 58 నుంచి 61కి పెంచింది. వయసు మారిన ప్రతిసారీ, "ఇంకొక్క ఏడాది చిన్నవాణ్నయితే" అన్న లెక్క వేలాది ఇళ్లలో మొదలవుతుంది.

ఆ అలజడి నడుమనే, 1984 ఏప్రిల్‌లో, ఉమ్మడి రాష్ట్రం పుట్టిన తేదీ నమోదు, మార్పులకు సంబంధించి ప్రత్యేక నియమాలు తెచ్చింది. ఉద్యోగంలో చేరిన నెల రోజుల్లోగా ఉద్యోగి తన పుట్టిన తేదీని ప్రకటించాలి. ఆఫీసు అధిపతి విచారించి, పాఠశాల రికార్డుల ఆధారంగా దాన్ని నిర్ధారించాలి. ఒకసారి అలా నిర్ధారణ అయ్యాక అది అంతిమం. నిజమైన రాతపొరపాటు, అంటే ఎస్సెస్సీలో ఒకటి ఉంటే ఎస్సార్‌లో ఎక్కించేటప్పుడు గుమాస్తా మరొకటి రాయడం వంటిది జరిగితే తప్ప మార్చడానికి వీల్లేదు. ఆ మార్పు కూడా ప్రభుత్వ ఉత్తర్వుతోనే జరగాలి. నియమాలు రాకముందే రిజిస్టరుకెక్కిన తేదీలకూ ఇదే వర్తిస్తుంది. ఈ నియమాలను దాటి జనన రిజిస్టరు నకలు ఆధారంగా తేదీ మార్చడానికి, ఉద్యోగుల సర్వీసు కేసులు వినే రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునల్ ఒప్పుకున్న ఒక కేసులో సుప్రీంకోర్టు 1990లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. "మా ఊరి జనన మరణాల రిజిస్టరులో అసలు తేదీ దొరికింది" అంటూ సంబరంగా వచ్చే ఉద్యోగికి ఈ సంగతి ముందే చెప్పేవాళ్లు ఉండరు. బడిలో రాసిన తేదీ తప్పయితే దాన్ని యథాతథంగా ఎస్సార్‌లోకి ఎక్కించిన గుమాస్తాది రాతపొరపాటు కాదు.

కేంద్ర ఉద్యోగులకు కొంత వెసులుబాటు ఉంది. కేంద్ర సర్వీసు నియమాల్లోని ఫండమెంటల్ రూల్ 56 కింద 1979 నవంబరులో తెచ్చిన సవరణ ప్రకారం, చేరిన అయిదేళ్లలోగా దరఖాస్తు చేసుకుంటే తేదీ మార్చవచ్చు. నిజాయితీగా జరిగిన పొరపాటేనని స్పష్టంగా రుజువు కావాలి. దాంతోపాటు ఇంకొక షరతు ఉంది, వివాదం కీలకమంతా అందులోనే ఉందని నా అభిప్రాయం. మార్చిన తేదీని పాత సంఘటనలన్నిటికీ వెనక్కి తీసుకువెళ్లి సరిచూడాలి. ఆ తేదీ ప్రకారం అతను రాసిన పరీక్షకు గానీ, చేరిన ఉద్యోగానికి గానీ ఆనాడు అర్హుడు కాకుండా పోతే మార్పు కుదరదు. 1958 జూన్‌లో పుట్టానని చెప్పి 1978 జూన్‌లో ఇరవయ్యేళ్ల వయసుతో ఉద్యోగంలో చేరిన మనిషి, రిటైరయ్యే ముందు తాను పుట్టింది 1961లో అంటే, చేరిన రోజున అతనికి పదిహేడేళ్లే అవుతుంది. అప్పుడు వయసు ఎక్కువ చెప్పి ఉద్యోగం పొంది, ఇప్పుడు తక్కువ చెప్పి దాన్ని పొడిగించుకోవడం కుదరదని కోర్టులు ఖండితంగా చెబుతున్నాయి. న్యాయభాషలో దీన్ని ఎస్టోపెల్ అంటారు. మాట ఇచ్చి లాభపడినవాడు ఆ మాట మార్చకూడదన్నదే దాని సారం.

అయిదేళ్ల గడువు విషయంలో సుప్రీంకోర్టు 1993లో ఇచ్చిన తీర్పు తర్వాతి కేసులన్నిటికీ పునాది. 1956లో కేంద్ర ప్రభుత్వ సర్వీసులో చేరిన ఒక ఉద్యోగి 1991లో, రిటైర్మెంటుకు నెలల ముందు, తేదీ మార్చమని అడిగాడు. గడువు నియమం 1979లో వచ్చింది కనుక అంతకు ముందే చేరినవాళ్లకు అది వర్తించదని వాదించాడు. నియమం వచ్చినప్పటి నుంచి అయినా అయిదేళ్లలోగా అడగాల్సిందని, ముప్పై అయిదేళ్లు ఊరుకున్నవాడికి ఆ హక్కు ఉండదని కోర్టు తేల్చింది. 1995లో ఒక ప్రభుత్వ రంగ కంపెనీ ఉద్యోగి కేసులో, సర్వీసు చివరి దశలో వచ్చే ఇలాంటి రిట్ పిటిషన్లను హైకోర్టులు అసలు చేపట్టకూడదని చెప్పింది. 2010లో మహారాష్ట్ర నుంచి వచ్చిన కేసులో ఇంకా ముందుకెళ్లి, మంచి సాక్ష్యం ఉన్నంత మాత్రాన మార్పును హక్కుగా అడగలేరంది. 2021 సెప్టెంబరులో కర్ణాటక గ్రామీణ మౌలిక వసతుల సంస్థ ఉద్యోగి కేసులో, 1984లో చేరి సుమారు ఇరవై నాలుగేళ్ల తర్వాత కదిలిన మనిషికి హైకోర్టు ఇచ్చిన ఊరటను రద్దు చేస్తూ, ఈ సూత్రాలన్నిటినీ ఒకచోట చేర్చింది. దరఖాస్తు నియమాల ప్రకారమే ఉండాలి, తిరుగులేని ఆధారం ఉన్నా అది హక్కు కాదు, ఆలస్యం ఒక్కటే తిరస్కరణకు చాలు.

తిరుగులేని ఆధారం ఉన్నా కుదరదనడం చదివినప్పుడు ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. నిజం తెలిశాక కూడా కోర్టు కళ్లు మూసుకోవడమేమిటన్న ప్రశ్న సహజం. దీనికి జవాబు 1993 నాటి తమిళనాడు కేసులో దొరుకుతుంది. ఒక ఉద్యోగి తేదీ మారితే అతను ఇంకొన్నేళ్లు అదే కుర్చీలో కూర్చుంటాడు. అతని కింద పదోన్నతి కోసం ఎదురుచూస్తున్నవాళ్ల వరుస మొత్తం ఆగిపోతుంది. కొందరు ఆ పై పోస్టు చూడకుండానే రిటైరవుతారు. కేసులో వాళ్లెవరూ పార్టీలు కారు, వాళ్ల గోడు వినిపించే లాయరు అక్కడ ఉండడు. ఆఫీసులో సీనియారిటీ జాబితా అంటే ఏమిటో తెలిసినవాళ్లకు ఈ వాదన బరువు వెంటనే అర్థమవుతుంది. పదేళ్ల తర్వాత ఎవరు ఎప్పుడు ఏ పోస్టులోకి వస్తారో ఉద్యోగులు ఆ జాబితా ముందు పెట్టుకుని లెక్క వేసుకుంటారు. ఆ లెక్కంతా రికార్డులోని పుట్టిన తేదీల మీదే నిలబడి ఉంటుంది.

ఇదే కారణంతో, కేసు తేలేదాకా ఉద్యోగంలో కొనసాగించమనే మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వడానికీ కోర్టులు వెనకాడాలని ఆ తీర్పు చెప్పింది. ఉద్యోగి చివరికి గెలిస్తే పోగొట్టుకున్న జీతాన్ని డబ్బు రూపంలో ఇప్పించవచ్చు. ఓడితే మాత్రం, ఈలోగా అతను కూర్చున్న పోస్టు దక్కని కిందివాళ్ల కాలాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు.

ఈ వివాదాల అసలు స్వభావం దేశమంతా చూసిన ఒక కేసులో తేటతెల్లమైంది. అప్పటి సైన్యాధిపతి జనరల్ వీకే సింగ్ పుట్టిన తేదీ సైన్యంలోని ఒక విభాగం రికార్డుల్లో 1951 మే 10గా, మరొక విభాగం రికార్డుల్లో 1950 మే 10గా ఉండేది. కుర్రవాడిగా నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్షకు దరఖాస్తు నింపినప్పుడు 1950 అని పడింది, మెట్రిక్ సర్టిఫికెట్‌లో 1951 అని ఉంది. పదోన్నతుల సమయంలో 1950నే అంగీకరిస్తానని ఆయన రాతపూర్వకంగా చెప్పి ఉండటం కేసులో ప్రధానమైంది. 2012 ఫిబ్రవరి 10న సుప్రీంకోర్టు విచారణలో, ఆయన నిజంగా ఎప్పుడు పుట్టారన్నది తమ ముందున్న ప్రశ్న కాదని, సర్వీసు రికార్డు కోసం ప్రభుత్వం ఏ తేదీని గుర్తించిందన్నదే ప్రశ్న అని న్యాయమూర్తులు స్పష్టం చేశారు. ఆయన పిటిషన్ వెనక్కి తీసుకుని, ఆ ఏడాది మే 31న పదవీ విరమణ చేశారు. సైన్యాధిపతికైనా అటెండరుకైనా కోర్టు వేసే ప్రశ్న అదే. నువ్వు ఎప్పుడు పుట్టావని కోర్టు అడగదు, ఏ తేదీ చెప్పి ఇంతదాకా వచ్చావని అడుగుతుంది.

అయితే సాక్ష్యాల విలువకు అసలు చోటే లేదనుకుంటే పొరపాటు. గడువులోగా అడిగినప్పుడు, లేదా నియమాలు అనుమతించినప్పుడు, ఏ కాగితానికి ఎంత బరువన్నది నిర్ణయాత్మకం అవుతుంది. జనన మరణాల రిజిస్టరు చట్టప్రకారం ప్రభుత్వాధికారి నిర్వహించేది కాబట్టి దానికి సహజంగా ఎక్కువ విలువ ఉంటుంది. మహారాష్ట్రలోని సిడ్కో సంస్థ ఉద్యోగిని కేసులో 2009లో సుప్రీంకోర్టు ఆ రిజిస్టరే స్కూలు రికార్డు కన్నా మిన్న అని చెప్పి ఆమె పక్షాన నిలిచింది. స్కూలు రిజిస్టరులో తేదీ ఉన్నంత మాత్రాన చాలదని, అది ఎవరు చెప్పగా రాశారో, ఏ ఆధారంతో రాశారో తెలియకపోతే దాని సాక్ష్య విలువ అంతంతమాత్రమేనని 1988లో ఒక ఎన్నికల కేసులో అదే కోర్టు చెప్పింది. 1872 నాటి సాక్ష్య చట్టం 35వ సెక్షను మీద నడిచిన ఈ చర్చ 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమం 29వ సెక్షను కిందికి మారింది, సారం మాత్రం అదే. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎముకల ఎక్స్‌రే ద్వారా వయసు కట్టే వైద్య పద్ధతిలో అటూ ఇటూ రెండేళ్ల తేడా ఉండవచ్చని 1982లోనే ఆ కోర్టు గుర్తించింది. కొన్ని నెలల కోసం, ఒకటి రెండేళ్ల కోసం సాగే వివాదాన్ని అలాంటి పరీక్ష ఎలా తేల్చగలదు?

అయినా ఆ పరీక్ష తప్ప మరో దారి లేనివాళ్లు ఉన్నారు. బొగ్గు గనుల్లో చదువు లేకుండా చేరిన కార్మికుల సంగతి తలుచుకుంటే ఈ చట్టం కాఠిన్యం బాగా తెలుస్తుంది. సర్టిఫికెట్ లేదు కనుక చేరిన రోజున డాక్టరు చూసి అంచనాగా చెప్పిన వయసో, గుమాస్తా అడిగి రాసుకున్న వయసో రిజిస్టరుకెక్కింది. వేలిముద్ర వేసిన మనిషికి తాను దేనికి వేలిముద్ర వేశాడో చదివి చెప్పినవాళ్లు లేరు. బొగ్గు పరిశ్రమ వేతన ఒప్పందాల కింద వచ్చిన 76వ అమలు సూచన ఈ చిక్కును కొంతవరకు గుర్తించింది. మెట్రిక్ సర్టిఫికెట్ ఉంటే దానికి, లేకపోతే చట్టబద్ధమైన ఇతర పత్రాలకు విలువ ఇచ్చి, ఏదీ లేనిచోట మెడికల్ బోర్డుకు పంపేలా క్రమం పెట్టింది. మన సింగరేణి కార్మికుల వేతనాలు కూడా ఈ జాతీయ ఒప్పందాల పరిధిలోవే. ఈ సూచన ఆధారంగానే 2014లో భారత్ కోకింగ్ కోల్ కార్మికుడొకరు సుప్రీంకోర్టులో గెలిచారు. 1973లో చేరిన ఆయన, యాజమాన్యం 1987లో సర్వీసు వివరాల పత్రం చేతికిచ్చి సరిచూసుకోమన్నప్పుడే తేదీ తప్పని రాసి ఇచ్చారు. ఆనాటి ఆ రాతే ఆయన్ను కాపాడింది. చివరి దశలో అడిగాడన్న యాజమాన్యం వాదన నిలవలేదు.

చట్టం యజమానిని కూడా కట్టడి చేస్తుందన్నది చాలామందికి తెలియదు. ఒరిస్సా ప్రభుత్వం ఒక వైద్యురాలి పుట్టిన తేదీ 1910 కాదు, 1907 అని తానే నిర్ణయించి ఆమెను ముందుగా ఇంటికి పంపింది. విచారణ నివేదికను ఆమెకు చూపలేదు, వివరణకు సరైన అవకాశం ఇవ్వలేదు. 1967లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు చెల్లదంది. ఒక మనిషి హక్కుల మీద ప్రభావం చూపే నిర్ణయం పాలనాపరమైనదైనా సరే, అతని వాదన వినకుండా తీసుకోకూడదని ఆ తీర్పు స్థిరపరిచిన సూత్రాన్ని ఇవాళ దేశంలోని ప్రతి సర్వీసు లాయరూ ఉదహరిస్తాడు. కాబట్టి ఎస్సార్‌లో తేదీని నోటీసు లేకుండా దిద్దేసి, రిటైర్మెంటు ఉత్తర్వు చేతికిస్తే ఉద్యోగి ధైర్యంగా హైకోర్టుకు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పరిపాలనా ట్రిబ్యునళ్లు ఇప్పుడు లేవు కనుక రాష్ట్ర ఉద్యోగికి దారి నేరుగా అక్కడికే.

మరో భ్రమను కూడా తొలగించాలి. కొందరు సివిల్ కోర్టులో ఎస్సెస్సీ బోర్డును మాత్రమే ప్రతివాదిగా చేర్చి, ఎదురు వాదించేవాళ్లు లేకపోవడంతో డిక్రీ తెచ్చుకుని, ఇక ఆఫీసు మార్చి తీరాలనుకుంటారు. పార్టీగా లేని యజమానిని ఆ డిక్రీ కట్టిపడేయదు. దావాకు మూడేళ్ల కాలపరిమితి ఉంటుందన్నది మరో చిక్కు. ఆ డిక్రీ కోసం పెట్టిన ఖర్చు, తిరిగిన వాయిదాలు వృథా అవుతున్న తీరు చూస్తే బాధ కలుగుతుంది.

కోర్టుల వైఖరి మొత్తంగా సరైనదేనని నేను నమ్ముతాను. కానీ ఆ వైఖరి న్యాయం కావాలంటే ఉద్యోగికి తన రికార్డు చూసుకునే అవకాశం నిజంగా దక్కాలి. కేంద్ర సప్లిమెంటరీ రూల్ 202 ప్రకారం ఆఫీసు అధిపతి ఏటా సర్వీసు పుస్తకాన్ని ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలి. చూపించకుండానే సంతకాలు చేయించే ఆఫీసు ఆ నియమాన్ని పాటించినట్టు కాదు. ఆ సంతకమే రేపు కోర్టులో ఉద్యోగికి ఎదురు సాక్ష్యమవుతుంది. అడగలేదు కదా అని ఉద్యోగిని నిలదీసే ముందు, చూపించారా అని ఆఫీసును నిలదీయాలి. అక్షరం రాని కార్మికుడి విషయంలో, చదివి వినిపించారా అని కూడా అడగాలి.

ముందు తరానికి ఈ చిక్కు కొంత తగ్గవచ్చు. జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ ప్రకారం, ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరిక మొదలు ప్రభుత్వ నియామకం దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. ఇక చెయ్యి చెవికి అందిందా అని చూసి తేదీ రాసే అవసరం మేష్టారికి లేదు. కాన్పు జరిగిన 21 రోజుల్లో నమోదయ్యే ఆ తేదీ ఆ బిడ్డను జీవితమంతా వెంటాడుతుంది గనుక, పత్రం చేతికి రాగానే తల్లిదండ్రులు ఆసుపత్రి కాగితంతో పోల్చి చూసుకోవాలి. తప్పు రుజువైతే 15వ సెక్షను కింద రిజిస్ట్రారు దిద్దవచ్చు. ఆ దిద్దే పద్ధతిని కూడా చట్టమే చెప్పింది: మొదట రాసిన తేదీని చెరపకుండా అలాగే ఉంచి, పక్కన మార్జిన్‌లో సరైన తేదీ రాసి, రిజిస్ట్రారు సంతకం చేసి, దిద్దిన రోజు వేయాలి.